పక్కింటికి ఫోన్ చేస్తే లక్షా నలభై వేల కిలోమీటర్లు

టవర్ ఆన్ చేసిన సాయంత్రం ఆరోగ్య కేంద్రం ప్రహరీ గోడకి అటువైపు టవరెక్కి సామాను బిగించే మా రిగ్గర్ అన్న, ఇటువైపు నేను నిలబడి ఫోన్ చేసుకున్నాం. "ఏం తమ్ముడూ, వినపడుతోందా?" అన్నాడాయన. ఆ మాట ముందు గోడ మీదుగా నా ఎడం చెవికి చేరింది. అర సెకను దాటాక అదే మాట, అదే గొంతు, కుడి చెవికి ఆనించుకున్న ఫోన్‌లోంచి వచ్చింది. మా ఇద్దరి మధ్య రెండు బారల దూరం. ఫోన్‌లో ఆ మాట తిరిగొచ్చిన దూరం లక్షా నలభై వేల కిలోమీటర్లకి పైమాటే.

ఈ లెక్క కాగితం మీద నాకు ముందే తెలుసు. తెలియడం వేరు, రెండు చెవులతో వినడం వేరు. మొదట నవ్వొచ్చింది. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. రేపటి నుంచి ఊరంతా ఇలాగే మాట్లాడుకోవాలి కదా!

నాది మొబైల్ నెట్‌వర్క్‌లో రేడియో పని. అప్పటిదాకా నేను చేసిన ప్రతి టవర్‌కీ వెనకాల, దాన్ని మిగతా నెట్‌వర్క్‌కి కలపడానికి, ఫైబరో, మైక్రోవేవ్ లింకో ఉండేది. వెనక దారి గురించి ఆలోచించే అవసరమే రాలేదు. కేబుల్ గుచ్చితే లైటు పచ్చగా వెలుగుతుంది, నా పని మొదలవుతుంది, అంతే. శాటిలైట్ మీద నడిచే సైటు నాకిదే మొదటిది. ఫోన్ మీద కనపడే సిగ్నల్ గీతలు ఎంత కొంచెం చెబుతాయో నాకు తెలిసొచ్చింది కూడా ఇక్కడే. ఆ గీతలు ఫోన్‌కీ టవర్‌కీ మధ్య సంగతి మాత్రమే చెబుతాయి. టవర్ వెనక దారి ఉందో తెగిందో వాటికి పట్టదు.

మూడు వైపులా కొండలు, మధ్యలో లోయ. మూడొందలకి కాస్త తక్కువ ఇళ్ళు. అన్నిటికన్నా దగ్గరి టవర్ నలభై కిలోమీటర్ల అవతల ఉంది, మధ్యలో రెండు కొండ వరసలు. ఫైబర్ వేద్దామంటే రోడ్డే లేదు. మైక్రోవేవ్ అంటే రెండు కొండల శిఖరాల మీద సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే రిపీటర్లు రెండు పెట్టాలి, ఒక్కోదానికి కరెంటు కావాలి, పాడైతే ఎక్కి బాగుచేసే మనిషి కావాలి. ఇక మిగిలింది ఆకాశమే.

సర్వేకి వెళ్ళినప్పుడు ముందు నేను చూసిన చోటు లోయకి ఎదురుగా ఉన్న ఒక గుట్ట. రేడియో మనిషికి అలాంటి చోటు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. మా రిగ్గర్ అన్న ఒక్క మాటతో దాన్ని కొట్టిపారేశాడు. "రాత్రి ఇక్కడ ఫ్యూజు పోతే ఎవడెక్కుతాడు తమ్ముడూ?" చివరికి ఆరోగ్య కేంద్రం పెరట్లో పెట్టాలని తేల్చాం. అక్కడ నర్సు ఉంటారు, తాళం వేసే గది ఉంది, పైగా ఫోన్ అవసరం అందరికన్నా వాళ్ళకే ఎక్కువ. ఊరి చివర పది పన్నెండు ఇళ్ళకి సిగ్నల్ బలహీనంగా ఉంటుందని తెలిసే ఒప్పుకున్నాను.

శాటిలైట్ డిష్‌కి ఊరు కనిపించక్కర్లేదు, ఆకాశంలో ఒక్క చోటు కనిపిస్తే చాలు. మేం వాడింది భూస్థిర ఉపగ్రహం. భూమధ్యరేఖకి 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమి తిరిగే వేగానికి సరిగ్గా సరిపోయేట్టు తిరుగుతూ ఉంటుంది కాబట్టి కింద నుంచి చూసేవాడికి కదలకుండా ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది. మా పెరట్లోంచి అది 38 డిగ్రీల ఎత్తున ఉండాలి. ఆ దిక్కున కొండ అంచు ఎంత ఎత్తుందో కోణమానిని పెట్టి చూస్తే 24 డిగ్రీలు. 14 డిగ్రీల ఖాళీ ఉంది. ఒక చెట్టు కొమ్మ మాత్రం ఆ ఖాళీలోకి తొంగి చూస్తోంది. ఇవాళ అడ్డం కాదు, రెండేళ్ళలో అవుతుంది. దాన్ని అప్పుడే కొట్టించి ఉండాల్సింది, బద్ధకించాను.

కరెంటు లెక్క నాకు కొత్త. మామూలు టవర్ దగ్గర కరెంటు సంగతి ఇంకొకరు చూసుకుంటారు. ఇక్కడ సోలార్ తప్ప గతి లేదు. ఫోన్‌తో మాట్లాడే చిన్న బేస్ స్టేషన్, శాటిలైట్ మోడెమ్, డిష్ చివర ఆకాశానికి పంపే ట్రాన్స్‌మిటర్ అన్నీ కలిపి దాదాపు 180 వాట్లు తింటాయి. తక్కువేగా అనిపిస్తుంది. కానీ రాత్రీ పగలూ ఆగకుండా నడవాలి కాబట్టి రోజుకి 4.3 యూనిట్లు. మూడు రోజులు మబ్బు పట్టినా ఆగకూడదంటే 13 యూనిట్లు బ్యాటరీల్లో ఉండాలి. ఒకటిన్నర కిలోవాట్ల ప్యానెళ్ళు, నాలుగు బరువైన బ్యాటరీలు. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి ఊరిదాకా ఆరు కిలోమీటర్లు అవన్నీ మనుషుల భుజాల మీదే వచ్చాయి. సైటు మొత్తం సామానులో ఫోన్‌తో మాట్లాడే పెట్టె ఒక్కడు చంకలో పెట్టుకుని తేగలిగినంత. తక్కిన మోత అంతా దానికి తిండి పెట్టడానికే.

డిష్ తిప్పిన రోజు గురించి చెప్పాలి. 1.2 మీటర్ల డిష్. దాని చూపు వెడల్పు డిగ్రీన్నర కూడా ఉండదు. ఒక్క డిగ్రీ పక్కకి పోతే అంత దూరాన ఆరొందల కిలోమీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. పొద్దున్నే దిక్సూచి పట్టుకుని, లెక్కగట్టిన దిక్కుకి డిష్ తిప్పి, మోడెమ్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఏమీ లేదు. అటూ ఇటూ జరిపాను. ఏమీ లేదు. గంటన్నర గడిచాక అన్న వచ్చి, "దిక్సూచి ఎక్కడ నిలబడి చూశావ్?" అన్నాడు. స్తంభం పక్కనే నిలబడి చూశాను. ఇనప స్తంభం! ముల్లు ఎటు చూపిస్తే అటు నమ్మేశాను. ఇరవై అడుగుల దూరం వెళ్ళి చూస్తే పదకొండు డిగ్రీల తేడా. చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదివిందే.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇలాంటి డిష్‌లు ఎటు చూస్తున్నట్టు కనిపిస్తాయో అటు చూడవు. సిగ్నల్‌ని పట్టే కొమ్ము మధ్యలో కాకుండా కింది అంచు దగ్గర ఉంటుంది కాబట్టి, డిష్ దాదాపు నిట్టనిలువుగా ఎదురింటి గోడని చూస్తున్నట్టుండి, నిజంగా మాత్రం పైకి ఆకాశాన్ని చూస్తుంటుంది. చుట్టూ చేరిన పిల్లల్లో ఒకడు "ఇది కొండని చూస్తోంది కదా" అన్నాడు. వాడి అనుమానం న్యాయమైందే.

దిక్కు సరిచేశాక కాసేపటికే లాక్ వచ్చింది, అంటే మోడెమ్ ఉపగ్రహం సిగ్నల్‌ని పట్టుకుంది. పొంగిపోయి బోల్టులు బిగించేశాం. సిగ్నల్ బలం చెప్పే అంకె చూస్తే ఉండాల్సిన దాంట్లో ఏ మూలకీ లేదు. డిష్‌కి అసలు చూపుతో పాటు పక్కన చిన్న చిన్న దొంగ చూపులుంటాయి. మేం పట్టుకుంది అలాంటి దొంగ చూపుతో. మళ్ళీ అన్నీ వదులు చేసి, పక్కకి జరిపి, అంకె ఒకసారి పూర్తిగా పడిపోయి తిరిగి పైకి లేచే చోటు దాటించాక అసలు శిఖరం దొరికింది. ఆ తర్వాత బిగించడం ఇంకో విద్య. ఎడమ నట్టు గట్టిగా తిప్పితే డిష్ ఎడమకి లాగుతుంది. అందుకని ఎడమది పావు చుట్టు, కుడిది పావు చుట్టు, అంకె చూడు, మళ్ళీ ఎడమది పావు చుట్టు. అన్న స్పానర్ పట్టుకుంటే నేను అంకె చదువుతూ కూర్చున్నాను. ఇద్దరం అరగంట సేపు ఆ అంకెలు తప్ప వేరే మాట మాట్లాడలేదు.

అయినా హబ్ వాళ్ళు, అంటే ఉపగ్రహం నుంచి మా సిగ్నల్‌ని కిందకి దించుకుని నగరంలోని నెట్‌వర్క్‌కి కలిపే కేంద్రం వాళ్ళు, ఒప్పుకునేదాకా మనం పైకి ఏమీ పంపకూడదు. ఒకే ఉపగ్రహాన్ని, ఒకే ఫ్రీక్వెన్సీని ఇద్దరు వాడుకుంటారు. ఒకరి తరంగం నిలువుగా ఊగితే ఇంకొకరిది అడ్డంగా. మన కొమ్ము రెండు మూడు డిగ్రీలు ఒరిగినా పక్కవాడి దారిలో మన గోల వినపడుతుంది. రెండిటికీ మధ్య ముప్పై డెసిబెల్స్ ఎడం రావాలని హబ్‌లో కుర్రాడు పట్టుబట్టాడు. అతనితో మాట్లాడటానికి మా దగ్గరున్నది చేతిలో పట్టుకునే శాటిలైట్ ఫోన్ ఒకటే. ఆ ఫోన్ ఉపగ్రహాలేమో కిందుగా, వేగంగా తిరిగేవి. "కొంచెం కుడికి... ఇంకొంచెం..." అంటుండగా ఉపగ్రహం కొండ చాటుకి వెళ్ళిపోయేది, లైన్ కట్. మళ్ళీ కలిసేసరికి ఎక్కడ ఆపామో ఇద్దరికీ గుర్తుండేది కాదు. ఊరికి ఫోన్ తేవడానికి వచ్చినవాళ్ళం ఫోన్ కోసం పెరట్లో చెయ్యెత్తుకుని తిరుగుతుంటే నర్సుగారు అరుగు మీద కూర్చుని నవ్వుకున్నారు.

మొదటి కాల్ ఆమెదే. పెద్దాసుపత్రికి చేశారు. "హలో" అని ఆగారు. జవాబు వచ్చేలోపు కట్టయిందనుకుని మళ్ళీ "హలో" అన్నారు. సరిగ్గా అదే క్షణంలో అవతలి "హలో" వచ్చి దీంతో గుద్దుకుంది. ఇద్దరూ ఆగారు. ఇద్దరూ ఒకేసారి మళ్ళీ మొదలుపెట్టారు. మాట పైకి వెళ్ళి కిందకి రావడానికే పావు సెకను, అవతలివాళ్ళ జవాబుకి ఇంకో పావు, నెట్‌వర్క్‌లో అక్కడక్కడ ఆగిందంతా అదనం. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే మనిషికి తెలియదని, 400 దాటకుండా చూసుకోమని అంతర్జాతీయ టెలికాం సంఘం జి.114 సిఫారసు చెబుతుంది. బయటి ఊళ్ళకి చేసే కాల్స్ ఆ 400 గీతకి కాస్త ఇవతలే ఉన్నాయి. "మీ మాట పూర్తి చేసి, మనసులో ఒకటి రెండు అనుకుని, అప్పుడు వినండి సిస్టర్" అని చెప్పాను. రెండు రోజుల్లో ఆమెకి అలవాటైపోయింది. నాకే ఇంకా కాలేదు.

కానీ పక్కింటి కాల్ ఆ గీత దాటేసింది. ఎందుకంటే ఫోన్ కాల్‌ని కలిపే యంత్రం మా ఊళ్ళో లేదు, హబ్‌కి అవతల నగరంలో ఉంది. అన్న మాట టవర్ నుంచి ఉపగ్రహానికి, అక్కణ్ణుంచి హబ్‌కి, మళ్ళీ ఉపగ్రహానికి, మళ్ళీ మా టవర్‌కి. నాలుగు అంగలు. ఒక్కో అంగ ముప్పై అయిదు వేల పైచిలుకు. పైగా ఆ కాల్ ఉన్నంత సేపూ మాకున్న సన్నటి లింకులో రెండు కాల్స్ చోటు తినేస్తుంది. ఊళ్ళో జనం ఎక్కువ చేసుకునేది ఊళ్ళోవాళ్ళకే. పొలంలో ఉన్నవాడు ఇంటికి చేస్తాడు, పై వీధి నుంచి కింది వీధికి చేస్తారు.

దీనికి మందు ఉంది. కాల్స్ కలిపే పనిని చిన్న పెట్టెలో పెట్టి సైటు దగ్గరే ఉంచవచ్చు. ఊళ్ళో ఫోన్ నుంచి ఊళ్ళో ఫోన్‌కి వెళ్ళే మాట ఇక్కడే మలుపు తిరుగుతుంది, ఆకాశం దాకా పోదు. నా దృష్టిలో అది మొదటి రోజే ఉండాల్సిన సామాను. ప్లాన్ గీసినవాళ్ళకి అది "తర్వాత చూద్దాం" జాబితాలో కనిపించింది. ఆ పెట్టె రావడానికి అయిదు వారాలు పట్టింది. అది బిగించిన రోజు మళ్ళీ గోడకి అటూ ఇటూ నిలబడ్డాం. ఈసారి రెండు మాటలూ దాదాపు ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి.

డేటా గొడవ మాటల గొడవకన్నా మొండిది. ముందు మాటల సంగతే చూడండి. 4జీలో మాట సెకనుకి యాభై పొట్లాలుగా వెళుతుంది. మాటని అంకెలుగా కుదించే కోడెక్‌లో, మేం వాడినదాంట్లో, అసలు మాట సెకనుకి 12.2 కిలోబిట్లు. ప్రతి పొట్లం మీదా ఎక్కడికి పోవాలో రాసే చిరునామాలు, ఆ చిరునామాల మీద టవర్ అంటించే ఇంకో చిరునామా, అవన్నీ కలిపితే 40 కిలోబిట్లు దాటుతుంది. మంత్రం తక్కువ, తుంపర్లు ఎక్కువ. ఫైబర్ మీద ఈ తుంపర్లు ఎవరికీ లెక్కలేదు. పైకి ఒక్క మెగాబిట్ ఉన్న లింకు మీద అది ప్రాణసంకటం. మోడెమ్‌లో చిరునామాలని కుదించే ఏర్పాటు ఆన్ చేశాక ఊపిరి పీల్చుకున్నాం.

ఇక ఇంటర్నెట్. కొంత పంపి, "అందింది" అని జవాబు వచ్చాకే ఇంకొంచెం ఎక్కువ పంపడం టీసీపీ అనే ఇంటర్నెట్ నియమావళి పద్ధతి. జవాబు రావడానికే అర సెకను దాటుతుంటే వేగం పుంజుకునేలోపు పేజీ అయిపోతుంది. శాటిలైట్ మోడెమ్‌లు దీనికి ఒక చమత్కారం చేస్తాయి. అవతలి కొసకి బదులు తామే ఇక్కడ "అందింది" అని చెప్పేసి, అసలు మోత తర్వాత తాము చూసుకుంటాయి. మా దగ్గర అది పనిచెయ్యలేదు. వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, టవర్ తన సరుకంతా ముందే ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతోంది. సీలు వేసిన సంచిలో ఏముందో మోడెమ్‌కి కనపడితే కదా చమత్కారం చెయ్యడానికి! సీలు వేసే పని మోడెమ్‌కి అవతలి వైపుకి మార్చాం. భద్రత చూసేవాళ్ళతో రెండు మీటింగులు పట్టింది. ఆ మీటింగుల గురించి చెప్పుకోవడానికేం లేదు.

నేను ఊహించని దెబ్బ వాన దగ్గర తగిలింది. వాన చినుకులు ఈ తరంగాలని మింగేస్తాయని తెలుసు. మోడెమ్ దానికి తగ్గట్టు వేగం తగ్గించుకుంటూ, గట్టిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషిలా సర్దుకుంటుంది. ఊళ్ళో వాన పడ్డప్పుడు లింకు నీరసించడం జనం కూడా అర్థం చేసుకున్నారు. ఒక రాత్రి మాత్రం మా లోయలో ఆకాశం నిండా చుక్కలు. ఒక పిల్లవాడు మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నర్సుగారు పెద్దాసుపత్రికి చెయ్యబోతే పోవట్లేదు. గీతలు నిండుగా ఉన్నాయి. ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేశారు, సిమ్ తీసి తుడిచి పెట్టారు, ఇంకొకళ్ళ ఫోన్ తెచ్చి చూశారు. నలభై నిమిషాలు. వాన పడుతోంది హబ్ ఉన్న చోట, వందల కిలోమీటర్ల అవతల. కట్టు కట్టి, తెల్లవారాక పిల్లవాణ్ణి పంపించారు, చెయ్యి బాగానే అతుక్కుంది.

తర్వాత నేను వెళ్ళినప్పుడు ఆమె ఏ దాపరికం లేకుండా అడిగేశారు. "గీతలు లేవంటే ఫోన్ లేదని తెలుస్తుంది సార్, మనిషిని పంపిస్తాను. గీతలుండి పోకపోతే తప్పు నాదేమో అనుకుంటూ కూర్చుంటాను. లేనప్పుడు లేదని చూపించకూడదా?"

చూపించవచ్చు. ఆకాశం లింకు తెగితే టవర్ తనంతట తానే రేడియో ఆపేసేట్టు పెట్టడం చాలా సులువు, చాలాచోట్ల అలాగే ఉంటుంది కూడా. కానీ ఇప్పుడు ఊళ్ళో కాల్స్ ఊళ్ళోనే కలిసే పెట్టె ఉంది. లింకు తెగినా పొలంలో ఉన్నవాడు ఇంటికి మాట్లాడగలడు. టవర్ ఆపేస్తే అదీ పోతుంది. రెండు వారాలు ఈ ముడి విప్పలేకపోయాను. చివరికి చేసింది చెబితే ఇంజినీర్లు నవ్వుతారేమో. ఆరోగ్య కేంద్రం కప్పు మీద ఒక ఎర్ర లైటు పెట్టాను. రౌటర్ పది సెకన్లకోసారి నగరంలోని యంత్రాన్ని పలకరిస్తుంది. వరసగా మూడుసార్లు పలక్కపోతే రిలే అనే తనంతట తానే పనిచేసే స్విచ్ మూసుకుని లైటు వెలుగుతుంది. ఎర్ర లైటు వెలిగితే ఊరి వరకే ఫోన్. టవర్ మాత్రం ఆగదు. జనం వారంలో నేర్చేసుకున్నారు. "ఎర్ర లైటు వెలుగుతోంది, ఇప్పుడు చెయ్యకు" అని పిల్లలు కేకలెయ్యడం నేను చెవులారా విన్నాను. ఏడాదికి రెండుసార్లు, రాత్రీ పగలూ సమానంగా ఉండే రోజులకి కాస్త అటూ ఇటూగా, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి కొన్ని నిమిషాలు డిష్‌కి కళ్ళు బైర్లు కమ్మిస్తాడు. దాని టైమ్ ముందే తెలుస్తుంది కాబట్టి ఆ రోజుల పట్టిక రాసి గోడకి అంటించాం. పట్టికలో రాసిన నిమిషానికే లైటు వెలిగితే పిల్లలకి అదో వింత.

రెండో ఏడు వెనక దారి మార్చాం. భూస్థిర ఉపగ్రహం బదులు, 550 కిలోమీటర్ల ఎత్తున గుంపులుగా తిరిగే ఉపగ్రహాలతో మాట్లాడే పలక లాంటి ఏంటెన్నా వచ్చింది. దాన్ని దిక్కు చూసి తిప్పక్కర్లేదు, నేల చదునుగా ఉంటే చాలు, ఉపగ్రహాల వెంట తన చూపు తనే తిప్పుకుంటుంది. పావు చుట్టు, పావు చుట్టు అంటూ బిగించినవాడికి అది చూస్తే కొంచెం కోపం కూడా వస్తుంది. అర సెకను దాటే ఆలస్యం యాభై మిల్లీసెకన్ల దగ్గరికి దిగింది. నర్సుగారు అలవాటు కొద్దీ ఒకటి రెండు లెక్కపెట్టుకుంటుంటే అవతలివాళ్ళే "ఉన్నారా?" అని అడగడం మొదలైంది. చిక్కల్లా చెట్లతో. పాత డిష్‌కి ఆకాశంలో ఒక్క కన్నం చాలు, దీనికి పెద్ద చూరంత ఆకాశం కావాలి. నేను బద్ధకించి వదిలేసిన కొమ్మ, దాని అక్కచెల్లెళ్ళు అన్నీ ఇప్పుడు అడ్డమే. ఉపగ్రహం కొమ్మ చాటుకి వెళ్ళినప్పుడల్లా నాలుగైదు సెకన్లు తెగేది. స్తంభం చివరికి ఎక్కించాక గాని కుదురుకోలేదు.

మూడో అంకం ఫోన్ నుంచి నేరుగా ఉపగ్రహానికి మెసేజ్. ఊరి నుంచి రోడ్డుకి నడిచే ఆరు కిలోమీటర్లలో మా టవర్ అందేది మొదటి రెండే. మిగతా బాటలో ఏమీ లేదు. 1998లో ఇరిడియం అనే కంపెనీ 66 ఉపగ్రహాలతో ప్రపంచమంతా మాట్లాడించింది గాని దానికి ఇటుక లాంటి ప్రత్యేకమైన ఫోన్ కావాలి. మామూలు ఫోన్ ఇచ్చేది 0.2 వాట్లు. అంత సన్నని గొంతు వందల కిలోమీటర్ల దూరాన వినాలంటే అవతల చెవి పెద్దదవ్వాలి. 2020లో లింక్ అనే కంపెనీ కక్ష్య నుంచి మామూలు ఫోన్‌కి ఎస్సెమ్మెస్ పంపింది. 2022 సెప్టెంబర్‌లో ఎగిరిన బ్లూవాకర్ 3 అనే ప్రయోగాత్మక ఉపగ్రహం ఏంటెన్నా విప్పుకుంటే 64 చదరపు మీటర్లు, ఒక మోస్తరు ఇల్లంత. 2023 ఏప్రిల్‌లో దాని ద్వారా ఏ మార్పూ చెయ్యని మామూలు ఫోన్‌తో మాట్లాడారు. స్టార్‌లింక్ ఈ పని చేసే మొదటి ఉపగ్రహాలని 2024 జనవరిలో పంపింది. ఉపగ్రహం సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటే, దగ్గరికొచ్చే రైలు కూతలా ఫ్రీక్వెన్సీ మారిపోతుంది. 4జీ టవర్ తన నుంచి వంద కిలోమీటర్ల లోపు ఫోన్లనే లెక్కలోకి తీసుకునేట్టు తయారైంది. ఫోన్‌కి ఈ గొడవేదీ తెలియకుండా సర్దడమంతా ఉపగ్రహం వైపు వాళ్ళ పని.

ట్రయల్‌కి నర్సుగారు, నేను బాట మీద నడిచాం. టవర్ సిగ్నల్ పోయిన చోట చెట్ల కింద ఆగి పంపితే వెళ్ళలేదు. మరో ఫర్లాంగు నడిచి, కనుమ దగ్గర ఆకాశం విచ్చుకున్న చోట ఫోన్ పట్టుకుని నిలబడ్డాం. మెసేజ్ పక్కన చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంది. ఆమె ఫోన్‌ని కదపకుండా పట్టుకున్నారు, ఊపిరి కూడా బిగబట్టినట్టు. దాదాపు నిమిషం తర్వాత టిక్కు పడింది. మన లిపిలో రాస్తే ఒక్కో ఎస్సెమ్మెస్‌కి 70 గుర్తులే పడతాయి, గుణింతాలు ఒత్తులు కూడా అందులో లెక్కే, ఇంగ్లిష్ లిపిలో అయితే 160. ఆ సంగతి చెబితే ఆమె ఆ రోజు నుంచి టెలిగ్రామ్ ఇచ్చినట్టు రాయడం మొదలుపెట్టారు. "అయితే ఇక టవర్ తీసేస్తారా సార్?" అని అడిగారు. తియ్యం అన్నాను. ఇంట్లో కూర్చుంటే ఇది పనిచెయ్యదు, ఉపగ్రహం ఒక్క కిరణం కింద మన లోయలాంటివి ఎన్నో పడతాయి, అందరూ ఆ సన్నటి దారినే పంచుకోవాలి.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, కనుమ దగ్గర నిలబడి పంపిందే. "పొద్దున్నుంచి లింకు లేదు. ఎర్ర లైటు వెలగలేదు. అంతా బాగుందనుకున్నాం."

మెసేజ్ రెండుసార్లు చదివాను. లింకు తెగడానికి కారణం తేలిగ్గానే దొరికింది, ఏంటెన్నా కేబుల్‌ని ఎలుక కొరికింది. లైటు వెలగకపోవడానికి కారణం ఇంకా చిన్నది. బల్బు మాడిపోయింది. లింకు బాగున్నా లైటు ఆరే ఉంటుంది, బల్బు పోయినా లైటు ఆరే ఉంటుంది. రెండిటికీ తేడా తెలియకుండా బిగించింది నేనే.

కొత్త కేబుల్‌తో పాటు పచ్చ బల్బు ఒకటి జేబులో వేసుకుని వెళ్ళాను. రిలేలో ఈ పిన్నుకున్న తీగ తీసి ఆ పిన్నుకి బిగించడం రెండు నిమిషాల పని. ఇప్పుడు ఆకాశం కలిసి ఉన్నంత సేపూ పచ్చ లైటు వెలుగుతుంది. ఆరిందంటే లింకు పోయిందో, కరెంటు పోయిందో, బల్బు పోయిందో, ఏదో ఒకటి చూడాల్సిందే. కింద నిలబడి చూస్తున్న నర్సుగారు, "ఇది ముందే ఇలా పెట్టి ఉండొచ్చుగా సార్" అన్నారు. నిచ్చెన దిగుతూ "ఔను సిస్టర్" అన్నాను.